మీ కేసును తేల్చేది చెరువు కాదు, తేదీ

ప్రశ్న: లాయరు గారూ! మా ఊరి పక్కన వంద ఎకరాల్లో సున్నపురాయి గనికి పర్యావరణ అనుమతి వచ్చింది. ప్రభావ అంచనా రిపోర్టులో మా చెరువు ఊసే లేదు. పబ్లిక్ హియరింగ్‌లో నాన్న లేచి ఆ సంగతి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ టెన్షన్‌తో ఆయనకు నిద్ర లేదు. కంపెనీ డబ్బుతో రిపోర్టులు రాయించే ఈ పద్ధతినే మార్చాలని హైకోర్టులో పిల్ వేద్దామనుకుంటున్నాం. అనుమతి ప్రకటన పేపర్లో వచ్చి రెండు నెలలు దాటిందట, మేం చూడలేదు. చెరువు గురించి పాత తేదీతో పంచాయతీ తీర్మానం రాయించుకోమని ఒకాయన సలహా ఇస్తున్నాడు. రాయించుకోవచ్చా?

జవాబు: అనుమతి ఏ తేదీన వచ్చిందో మీరు రాయలేదు. మీ కేసు నిలిచేదీ పోయేదీ దాని మీదే.

పర్యావరణ అనుమతి మీద అప్పీలు వేయాల్సింది జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో. 2010 నాటి ఆ ట్రిబ్యునల్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు తెలియజేసిన రోజు నుంచి 30 రోజులు గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నిస్తారు. ఆ పైన ఒక్క రోజు దాటినా మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. మేం చూడలేదంటే కుదరదు. వెబ్‌సైట్‌లో పెట్టడం, పేపరు ప్రకటన, పంచాయతీకి కాపీ అందడం, వీటిలో ఏది ముందు జరిగితే అక్కడి నుంచే లెక్క. రెండు నెలలు దాటిందని విన్న రోజే ఆ పేపరు కోసం పరుగెత్తాల్సింది. ఇంత అజాగ్రత్త పనికిరాదు.

పిల్ సంగతి. రిపోర్టు రాసే కన్సల్టెంటుకు గని యజమానే ఫీజు ఇచ్చే పద్ధతి పోవాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. సామాజిక ప్రభావం విషయంలో పరిస్థితి ఇంకా అన్యాయం. 2013 భూసేకరణ చట్టంలో దానికి విడిగా అధ్యయనం ఉంది గానీ, ప్రభుత్వం భూమి సేకరిస్తేనే. కంపెనీ నేరుగా కొనుక్కుంటే రిపోర్టులో ఒక అధ్యాయంతో సరిపెడతారు. పర్యావరణ ప్రభావ అంచనా నియమాలు మార్చడానికి కేంద్రం తెచ్చిన 2020 ముసాయిదా అయితే హియరింగ్‌కు ముందు జనానికిచ్చే 30 రోజులను 20కి కోయాలని చూసింది. వీటి మీద పోరాడాల్సిందే. కానీ పిల్ నడుస్తోందని మీ అప్పీలు గడువు ఆగదు. ట్రిబ్యునల్ ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని హైకోర్టు అడిగేసరికి మీ 90 రోజులూ అయిపోతాయి.

పాత తేదీ తీర్మానం జోలికి అస్సలు పోకండి. తీర్మానాల పుస్తకంలో పేజీ నంబర్లుంటాయి, ముందూ వెనకా తేదీలుంటాయి, హాజరైనవాళ్ల సంతకాలుంటాయి. అవతలి లాయరు మొదట తెప్పించేది ఆ పుస్తకాన్నే. ఒక్క దొంగ కాగితం బయటపడితే మీ అసలు కాగితాలను కూడా ఎవరూ నమ్మరు. రాసినవాడితో పాటు మీరూ ఫోర్జరీ కేసులో ఇరుక్కుంటారు.

అసలు మీకు దాని అవసరమే లేదు. గ్రామ నక్షా, అడంగల్ సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. పంచాయతీ ఆ చెరువులో చేపల వేలం వేసి ఉంటే ఏ సంవత్సరం ఎవరు పాడారో రసీదు పుస్తకంలో ఉంటుంది. డబ్బు కట్టించుకున్న చెరువును లేదనడం ఎవరి తరమూ కాదు. ఫోన్‌లో తీసిన ఫొటోలకు 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి, ఫోన్ పారేయకండి.

అన్నిటికన్నా బలమైనది హియరింగ్ వీడియో. పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం హియరింగ్ మొత్తాన్ని వీడియో తీయాలి, జనం చెప్పిన అభ్యంతరాలను స్థానిక భాషలో రాసి చివర్లో చదివి వినిపించాలి. మీ నాన్నగారి మాట అందులో ఉండి నిపుణుల కమిటీ దానికి జవాబివ్వకుండా అనుమతికి సిఫార్సు చేసి ఉంటే, ఉత్కర్ష్ మండల్ కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు మీకు అండ. తెలిసీ వాస్తవాలు దాచి తెచ్చుకున్న అనుమతిని రద్దు చేయవచ్చని అదే నోటిఫికేషన్ చెబుతోంది.

రేపే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో అనుమతి కాపీ దింపుకోండి. పంచాయతీ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో కాపీ చేరిన తేదీ చూడండి. రికార్డుల కోసం ఆర్టీఐ పెట్టి, జవాబు వచ్చాక అప్పీలు వేద్దామని ఆగితే దానికే 30 రోజులు పోతాయి. ఉన్న కాగితాలతోనే చెన్నైలోని దక్షిణ బెంచ్‌లో అప్పీలు వేసి, 31వ రోజు నుంచి ఎందుకు ఆలస్యమైందో వివరిస్తూ మన్నింపు పిటిషన్ జత చేయండి. మిగతా రికార్డులు తర్వాత దాఖలు చేయవచ్చు.

లెక్క చూస్తే 90 దాటిపోయిందా, అనుమతిని కొట్టేయించే దారి దాదాపు మూసుకుపోయినట్టే. అప్పుడు అనుమతి షరతుల ఉల్లంఘన మీద అదే ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు, చెరువుకు నష్టం జరిగితే పరిహారం, పునరుద్ధరణ కోసం 15వ సెక్షన్ కింద ఐదేళ్లలోపు వెళ్లాలి. అందుకోసం తవ్వకం మొదలుకాకముందే చెరువు నీటి మట్టం కొలిచి, నీటి నమూనాను గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి తేదీతో సహా దాచుకోండి.