మైక్రోఎమల్షన్‌లో పాలిమర్ కలిపితే స్థిరత్వం పెరుగుతుందా?

మైక్రోఎమల్షన్ అంటే సబ్బులాంటి సర్ఫాక్టెంట్ సాయంతో నూనె, నీరు తేటగా కలిసిన ద్రవం. అందులో వేసే పాలిమర్, అంటే పొడవాటి గొలుసులాంటి అణువు, ఏదన్నది చెప్పకుండా ఈ ప్రశ్న అడగకూడదు. నీళ్లలో మాత్రమే కరిగేదా, సగం నీటిలో సగం నూనెలో ఉండేదా? రెండింటి దారులూ వేరు.

నేను పురుగుమందుల ఫార్ములేషన్ విభాగంలో చేరిన కొత్తలో ఒక మైక్రోఎమల్షన్ కుదిరింది. లేత తేనె రంగు. సీసా వెనక కాగితం పెడితే అక్షరాలు చదవవచ్చు. మా పెద్దసారు సీసా వంచి చూసి, "నీళ్లలా ఉందయ్యా, రైతు నమ్మడు. కాస్త జాంథన్ గమ్ వేసి చిక్కబరచు" అన్నారు. ఆయన చేయి తిరిగింది సస్పెన్షన్ మందుల్లో. అక్కడ రేణువులు అడుగుకు దిగకుండా గమ్ ఉండాల్సిందే. ఇక్కడ దిగడానికి ఏముంది? బిందువులు పదుల నానోమీటర్లలో ఉంటాయి, ఏ ఆసరా లేకుండానే నిలుస్తాయి. అయినా పెద్దసారు మాట, వేశాం. మర్నాటికి పైన పలచటి తేట, అడుగున జిగురుగా మసక పొర. ఊపితే తెల్లగా కలిసేది, టీ తాగి వచ్చేసరికి మళ్లీ విడిపోయేది. 54 డిగ్రీల ఓవెన్‌లో 14 రోజులు ఉంచే నిల్వ పరీక్ష దాకా పోనేలేదు. సారు తీర్పు: "గమ్ చాలలేదు!"

గమ్‌లోని పొడవాటి గొలుసులకు బిందువుల మధ్య ఇమడడానికి చోటు చాలదు. అందుకని గొలుసులన్నీ ఒక వైపు, బిందువులన్నీ ఒక వైపు చేరతాయి.

ఒక కొస నీటిని, మరో కొస నూనెను ఇష్టపడే బ్లాక్ కోపాలిమర్ సంగతి వేరు. అది నూనెకూ నీటికీ మధ్య ఉండే సర్ఫాక్టెంట్ పొరలోనే నాటుకుని, రెండు వైపులా గొలుసులు చాచి, పొరను బిగువు చేస్తుంది. 1999లో జర్మనీలోని యూలిష్, కొలోన్ పరిశోధకులు దీన్ని చక్కగా చూపించారు: నీరు, డెకేన్ అనే నూనె కలవడానికి పది శాతం దాటి కావలసిన సర్ఫాక్టెంట్, పిసరంత కోపాలిమర్‌తో కొద్ది శాతాలకు దిగింది. అవే గొలుసులను విడివిడిగా, నీటిలో ఒకటి నూనెలో ఒకటి కరిగిస్తే ఫలితం తలకిందులు. సర్ఫాక్టెంట్ ఇంకా ఎక్కువ పట్టింది. సర్ఫాక్టెంటే ఖర్చంతా తినే మా రంగంలో ఇది ఇంకా ఎందుకు పాకలేదంటే, నా ఉద్దేశంలో, కొనుగోలు విభాగాలు కిలో ధర తప్ప మరొకటి చూడవు.

మీ సర్ఫాక్టెంట్ ఏది, పాలిమర్ అణుభారం ఎంత, ఏ ఉష్ణోగ్రతలో వాడతారో రాయండి. సర్ఫాక్టెంట్ నాన్‌అయానిక్ (విద్యుదావేశం లేని) రకమైతే ఉష్ణోగ్రతే సగం కథ నడుపుతుంది.