పూజ, ఇల్లు తప్ప తెలియని నాన్న మేయర్ అయితే?

మీ నాన్నగారు మేయర్ పదవికి పోటీలో ఉన్నారని, దేవుడు, పిల్లలు తప్ప వేరే లోకం తెలియని ఆయన అక్కడ నెగ్గుకొస్తారా అని టెన్షన్‌గా ఉందని రాశారు. నేను ఇప్పుడు చెన్నై పెరంబూరులో ఉంటున్నాను గానీ, పెరిగింది నెల్లూరు వైపు ఒక చిన్న పట్టణంలో. మా నాన్న అక్కడ ఐదేళ్లు మున్సిపల్ ఛైర్మన్. కార్పొరేషన్ కాదు కాబట్టి మేయర్ అనరు. ఇంటి మీదికి వచ్చే జనం మాత్రం అదే జనం.

రోజువారీ అధికారం చాలావరకు కమిషనర్ చేతిలో ఉంటుంది. అయినా జనం వచ్చేది ఛైర్మన్ గుమ్మం ముందుకే. ఎండాకాలంలో కుళాయి రాకపోతే తెల్లారి ఐదింటికే బిందెలతో మా వాకిట్లో ఉండేవాళ్లు. సరిగ్గా నాన్న దీపం పెట్టే వేళ. పూజ మధ్యలో లేచి వెళ్లేవారు, తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టేవారు, మనసు కుదరక అమ్మ మీద విసుక్కునేవారు. చివరికి అమ్మే దారి చెప్పింది: "నాలుగింటికే పూజ కానిచ్చేయండి. తలుపు తీశాక మనుషుల సంగతి చూడండి." ఐదేళ్లూ అదే నడిచింది.

అసలు కష్టం పోలేరమ్మ గుడి దగ్గర వచ్చింది. పెద్ద కాలువ మలుపులో, వేపచెట్టు కింద చిన్న గుడి. వానొస్తే నీళ్లు అక్కడే ఆగి వెనక కాలనీ ఇళ్లలోకి ఎక్కేవి. గుడి జరపకుండా కాలువ వెడల్పు కాదు. రాత్రికి రాత్రి పోలీసులను పెట్టి తీసేద్దామన్నవాళ్లూ ఉన్నారు. నాన్న ఒప్పుకోలేదు. పూజారి ఇంటికీ, ఆ వీధి పెద్దల దగ్గరికీ రెండు నెలలు తిరిగారు. కళాపకర్షణ, అంటే విగ్రహంలోని దైవశక్తిని కలశంలోకి తీసే క్రతువు, చేయించి, అమ్మవారిని వంద అడుగుల అవతల కొత్త గద్దె మీదికి చేర్చారు. అక్కడ మొదటి పొంగలి మా ఇంటిదే. అయినా నాయనమ్మ "నా కడుపున పుట్టి తల్లిని కదిలించావా" అని ఏడాదిపాటు ఆయనతో సరిగా మాట్లాడలేదు. నాన్న రోజూ ఆమె కాళ్లకు దణ్ణం పెట్టే బయటికి వెళ్లేవారు. ఆ ఏడు వానలకు కాలనీలోకి నీళ్లు రాలేదు.

ఇంట్లోవాళ్లుగా మీరు చేయాల్సింది, ఆయన పేరు చెప్పి ఎవరూ పనులు చేయించుకోకుండా చూడటం. మా మేనమామ ఒకసారి భోజనాల దగ్గర ఒక కాంట్రాక్టరు బిల్లు మాట ఎత్తితే, అమ్మ "అన్నం తిను తమ్ముడూ" అని అక్కడే ఆపేసింది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. అక్క నిశ్చితార్థం రోజు మెయిన్ పైపు పగిలింది. తాంబూలాలు మార్చుకునే వేళకు నాన్న లేరు, ఆయన బదులు బాబాయి కూర్చున్నాడు. అక్క చాలా ఏళ్లు బాధపడింది. దాన్ని చిన్న విషయం అని నేను చెప్పను.

పదవి దిగాక నాన్న చెన్నై వస్తే, సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న రిప్పన్ బిల్డింగ్, అంటే చెన్నై కార్పొరేషన్ ఆఫీసు, చూపించాను. అక్కడ పిట్టి త్యాగరాయ చెట్టి విగ్రహం ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు. మన తెలుగు దేవాంగుల బిడ్డ. 1688లో ఏర్పడిన మద్రాసు కార్పొరేషన్‌కు 1919లో అధ్యక్షుడయ్యారు, 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రి పదవి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటిది) ఇస్తామన్నా వద్దన్నారు. టీ.నగర్ ఆయన పేరు మీద వెలిసిందే. ఇవన్నీ నేను చెబుతుంటే నాన్న విని, "ఈయన ఇంట్లోవాళ్లు ఎన్ని పడ్డారో" అన్నారు. ఆ రాత్రి మా ఇంటి నుంచి అక్కకు ఫోన్ చేసి, నిశ్చితార్థం సంగతి మొదటిసారి ఆయనే ఎత్తారు.