శాంతి పరిరక్షణ విన్యాసాలు ఫోటోల కోసమేనా? మా తమ్ముడు వెళ్తున్నాడు, అమ్మకు ఏం చెప్పమంటారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు సిపాయి. మంగోలియాలో జరిగే ఖాన్ క్వెస్ట్ విన్యాసాలకు అతని పేరు వచ్చింది. మల్కాజ్‌గిరిలో అమ్మగారు "పరాయి దేశం, తుపాకులు" అంటూ సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. మీకేమో ఇదంతా జెండాలు పట్టుకుని ఫోటోలు దిగే తంతులా కనిపిస్తోంది. పైగా అమెరికా వాళ్ళు, ఇంకా ఎన్నో దేశాల వాళ్ళు ఉండే చోట మన రహస్యాలు బయటికి పోవా అని కూడా అడిగారు.

నేను ఇ.ఎమ్.ఇ.లో, అంటే సైన్యం బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, పాతికేళ్ళకు పైగా చేసి నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యాను. ట్రైనింగ్ సికింద్రాబాద్‌లోని 1 ఇ.ఎమ్.ఇ. సెంటర్‌లోనే అయింది. ఇప్పుడు యాప్రాల్‌లో ఉంటున్నాం. ఐక్యరాజ్యసమితి తరఫున ఏడాదిపాటు కాంగోలో పనిచేశాను. ఆ తర్వాత పుణెలో జరిగిన ఒక బహుళజాతి విన్యాసంలోనూ ఉన్నాను. మంగోలియా నేను వెళ్ళలేదు, నాతో పనిచేసినవాళ్ళు వెళ్ళొచ్చారు.

ముందు అమ్మగారి భయం సంగతి. మీ తమ్ముడు వెళ్తున్నది యుద్ధానికి కాదు, శిక్షణకు. ఖాన్ క్వెస్ట్ 2003లో మంగోలియా, అమెరికా రెండే కలిసి మొదలుపెట్టిన విన్యాసం. 2006 నుంచి మిగతా దేశాలూ చేరి, ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ పనికి శిక్షణగా మారింది. ఉలాన్‌బాతర్‌కు దగ్గర్లోని ఫైవ్ హిల్స్ అనే మైదానంలో జరుగుతుంది. మన సైన్యం ఎన్నో ఏళ్ళుగా వెళ్తోంది. రెండు వారాలు టెంట్లలో ఉంటారు. ఊళ్ళో గస్తీ, చెక్‌పోస్ట్, కాన్వాయ్‌కి కాపలా, గుంపు మీదికి వస్తే అదుపు చేయడం, గాయపడినవాణ్ణి మోసుకురావడం, ఇలా రోజుకొకటి ప్రాక్టీస్ చేయిస్తారు. ఆఫీసర్లకు వేరుగా మ్యాపులు, వైర్‌లెస్‌ల ముందు కూర్చుని చేసే ఎక్సర్‌సైజ్ ఉంటుంది. ఎదురుగా శత్రువు ఉండడు. తిరగబడినట్టు నటించేవాడు కూడా సాయంత్రం అదే వంటశాలలో, మా భాషలో లంగర్‌లో భోజనానికి వస్తాడు.

మరి ఈ మాత్రం మన దేశంలోనే నేర్చుకోవచ్చు కదా అంటే, నేర్పుతారు. ఢిల్లీలో ఇందుకోసమే 2000 నుంచి ఒక కేంద్రం ఉంది, మిషన్‌కు వెళ్ళేముందు మాకూ శిక్షణ ఇచ్చారు. కానీ ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యం లేదు. 1948లో మొదటి మిషన్ పెట్టినప్పటి నుంచీ అంతే. ఒక దేశం పదాతి దళం ఇస్తుంది, ఇంకొకరు ఆసుపత్రి, మరొకరు ఇంజినీర్లు, వేరొకరు హెలికాప్టర్లు. వీళ్ళంతా పరాయి గడ్డ మీద ఒకరినొకరు మొదటిసారి చూసుకుంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

గోమా అని తూర్పు కాంగోలో ఒక ఊరు. పక్కనే నైరాగోంగో అగ్నిపర్వతం ఉంది. 2002లో లావా ఊరి మధ్యలోంచే పారింది, నేలంతా ఇంకా నల్లటి రాయే. అక్కడినుంచి మసీసి వైపు కొండదారి. వానపడితే ఆ దారి పేడకళ్ళలా అయిపోతుంది. ఒకరోజు మధ్యాహ్నం వేరే దేశం వాళ్ళ రేషన్ ట్రక్కు ఆ బురదలో ఇరుసు దాకా దిగబడింది. మా రికవరీ బండి దగ్గర్లో ఉందని మమ్మల్ని పిలిచారు. ఏముంది, టో బార్, అంటే రెండు బండ్లను కలిపే ఇనప కడ్డీ, తగిలించి లాగేస్తే అరగంట పని అనుకున్నాను. వాళ్ళ బండి ముందు కొక్కెంలో మా పిన్ను దూరలేదు. నాలుగైదు మిల్లీమీటర్లు అటూఇటూ, అంతే. సుత్తితో కొట్టి చూశాం, లాభం లేదు. సరేనని వైర్ రోప్ తీశాం.

అసలు ప్రమాదం అప్పుడొచ్చింది. రోప్ కొంచెం బిగిశాక నేను పిడికిలి బిగించి చెయ్యెత్తాను. మా లెక్కలో అది ఆగమని. వాళ్ళ డ్రైవరు దాన్ని ఇంకేదో అనుకుని గేరు వేసి ఒక్కసారిగా ముందుకు ఎగిరించాడు. రోప్ వదులై నేల మీద పడి, మరుక్షణం ఝుమ్మని బిగిసింది. దాని పక్కన వాళ్ళ కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. మా హెల్పర్ వాణ్ణి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ రోప్ తెగి ఉంటే మోకాళ్ళ దగ్గర ఆ కుర్రాడి కాళ్ళు ఉండేవి కావు. డ్రైవరుకు ఇంగ్లిష్ రాదు, నాకు వాళ్ళ భాష రాదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, ఇద్దరికీ చేతులు వణుకుతున్నాయి.

ఈలోగా జనం చేరారు. సంత నుంచి మూటలతో వస్తున్న ఆడవాళ్ళు, చుకుడు తోసుకుంటూ పిల్లలు. చుకుడు అంటే అక్కడి కొయ్య బండి, పెద్ద స్కూటర్ ఆకారంలో ఉంటుంది, దాని మీద బస్తాలకు బస్తాలు మోస్తారు. దారి మూసుకుపోయిందని వాళ్ళకు విసుగు, పొద్దు గుంకుతోందని మాకు టెన్షన్. చీకటి పడితే ఆ కొండల్లో ఎవరు తుపాకి పట్టుకుని తిరుగుతారో తెలియదు. చివరికి ఒక పలక మీద బాణాలు గీసి చూపించి, ఆగు అంటే ఇది, లాగు అంటే ఇది అని ఆ డ్రైవరుతో ఖాయం చేసుకున్నాకే మళ్ళీ మొదలుపెట్టాం. మొత్తం రెండున్నర గంటలు పట్టింది. ఆ మర్నాడే మా వర్క్‌షాప్‌లో పక్కనున్న వేరే దేశాల దళాల బండ్లన్నిటి కొక్కేల సైజులు కొలిచి, సరిపడే ఇనప కొలికిలు, అంటే షాకిల్స్‌తో ఒక ఇనప పెట్టె తయారుచేసుకున్నాం.

తర్వాత పుణెలో విన్యాసాల మొదటిరోజే నాలుగు దేశాల మెకానిక్కులు మిల్లీమీటర్లలో కొలిచే వెర్నియర్లు పట్టుకుని ఒకరి బండి దగ్గరికి ఒకరు వెళ్ళి కొలతలు రాసుకుంటుంటే చూశాను. ఆ రోజు ఎవరూ ఫోటో తీయలేదు. నాకు మాత్రం ఆ బురద దారి గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

పుణెలో నాకిచ్చిన పని వేరు. తల నెరిసిందని నన్ను ఊరిపెద్దగా వేశారు. ఇలాంటి విన్యాసాల్లో ఒక ఉత్తుత్తి ఊరు కడతారు, మన జవాన్లే ఊరివాళ్ళుగా ఉంటారు. మాకు చెప్పిన మాట ఒకటే: సొంత భాషలోనే మాట్లాడాలి, ఇంగ్లిష్ హిందీ ఒక్క ముక్క రాకూడదు. నా పక్కన దుబాసీగా ఇంకో తెలుగు జవాను. నాకు రెండు కబుర్లు ఇచ్చారు. మొదటిది, బావి నీళ్ళ కోసం రెండు వాడల మధ్య గొడవ. ఇది ఎవరడిగినా చెప్పొచ్చు. రెండోది, మా పిల్ల కనబడటం లేదు. ఇది వచ్చినవాడు మనిషిలా కూర్చుని అడిగితేనే చెప్పాలి.

ఏ దేశం వాళ్ళు అన్నది రాయను, వాళ్ళకు చిన్నతనంగా ఉండకూడదు. మొదటి గస్తీ వచ్చింది. ఆఫీసరు నల్లద్దాలు తీయలేదు. నిలబడే అడిగాడు, అదీ నా వైపు కాదు, దుబాసీ వైపు చూసి. చుట్టూ నలుగురు తుపాకులు అడ్డంగా పట్టుకుని ఉన్నారు. నేను బావి సంగతి చెప్పాను. రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పది పన్నెండు నిమిషాలు.

రెండో గస్తీలో వచ్చినవాడు హవల్దార్ స్థాయి కుర్రాడు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. రైఫిల్ గొట్టం కిందికి ఉండేలా భుజానికి వెనక్కి వేసుకుని, నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నా పేరు అడిగి, తను పలికింది సరిగ్గా ఉందా అని మళ్ళీ అడిగాడు. బావి మాట అయ్యాక లేవలేదు. ఇంకేమైనా ఉందా అన్నట్టు నా మొహం వైపే చూస్తూ ఊరుకున్నాడు. అప్పుడన్నాను: "మా పిల్ల పొద్దున నీళ్ళకని పోయింది బాబూ, ఇంకా ఇంటికి రాలేదు." అది రాసిచ్చిన మాటే. కానీ కాంగోలో ఇదే మాట ఇంకో భాషలో మా క్యాంపు గేటు దగ్గర ఒకామె చెప్పగా విన్నాను. అందుకే నా గొంతు మారిపోయింది. దుబాసీ అనువదించకముందే ఆ కుర్రాడికి అర్థమైంది, లేచి వైర్‌లెస్ అందుకున్నాడు.

ఆ సాయంత్రం తప్పులూ ఒప్పులూ మాట్లాడుకునే సమావేశంలో, ఊళ్ళో ఒక పిల్ల తప్పిపోయిందని మొదటి ఆఫీసరుకు తెలిసింది. అతను నా దగ్గరికి వచ్చి, దుబాసీని పిలిచి, "నేను ఏం చేసి ఉంటే మీరు చెప్పేవారు?" అని అడిగాడు. అద్దాలు, నిలబడటం, తుపాకులు, మూడూ చెప్పాను. ఒక్కొక్కటీ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ఆడవాళ్ళ విషయం కూడా చెప్పాలి. అదే ఉత్తుత్తి ఊళ్ళో, గస్తీలో మహిళా సైనికురాలు ఉంటేనే నోరు విప్పాలని చెప్పి కొందరు ఆడవాళ్ళను ఉంచారు. నిజంగా మిషన్లో జరిగేదీ అదే. 2007లో లైబీరియాకు మన దేశం పూర్తిగా మహిళా పోలీసుల దళాన్ని పంపింది, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. 2016లో పుణెలో 18 దేశాలు కలిసి చేసిన ఫోర్స్ 18 విన్యాసంలో మన దళానికి నాయకత్వం వహించింది లెఫ్టినెంట్ కల్నల్ సోఫియా ఖురేషీ.

ఇక ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు కాల్చకూడదు అన్నదానికే సగం ప్రాక్టీస్ పోతుంది. సైనికుడికి కాల్చడం నేర్పడం తేలిక. రాళ్ళు పడుతుంటే వేలు ట్రిగ్గర్ బయటే ఉంచి, గట్టిగా హెచ్చరించి, ఆ తర్వాతి మెట్టు ఏమిటో తడుముకోకుండా గుర్తుపెట్టుకోవడం కష్టం. అలాగని చేతులు కట్టుకుని చూడటం కూడా తప్పే. 1994లో రువాండాలో, 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఐక్యరాజ్యసమితి దళాలు ఉండగానే వేలు, లక్షల మందిని చంపేశారు. ఆ తర్వాతే, 1999లో సియెర్రా లియోన్ మిషన్‌తో మొదలుపెట్టి, సామాన్య జనాన్ని కాపాడటం కూడా మీ పనే అని ఆదేశాల్లో రాయడం మొదలైంది. ఆ సియెర్రా లియోన్‌లోనే 2000లో మన గూర్ఖా దళాన్ని తిరుగుబాటుదారులు కైలాహున్‌లో రెండు నెలలకు పైగా చుట్టుముట్టి ఉంచితే, ఆపరేషన్ ఖుక్రీతో బయటికి తెచ్చుకున్నారు.

రహస్యాల గురించి మీ భయం అక్కర్లేదు. ఈ విన్యాసాల్లో వాడేది మామూలు రైఫిళ్ళు, మామూలు బండ్లు. నేర్పేది ఐక్యరాజ్యసమితి అన్ని దేశాలకూ ఇచ్చిన పాఠాలే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండు వారాల్లో నెలల తరబడి ఉండే విసుగు తెలియదు, మలేరియా తెలియదు, మనల్ని పిలిచిన ప్రభుత్వమే మనల్ని అనుమానంగా చూస్తే ఎలా ఉంటుందో తెలియదు. 2013 ఏప్రిల్‌లో దక్షిణ సూడాన్‌లో కాన్వాయ్ మీద మాటువేసి మన జవాన్లు ఐదుగురిని చంపారు. వాళ్ళకు శిక్షణ తక్కువై కాదు. ఇప్పటిదాకా మన దేశం నుంచి 2,90,000 మందికి పైగా ఈ మిషన్లకు వెళ్ళారు, దాదాపు 180 మంది తిరిగి రాలేదు. విన్యాసాలు చావును ఆపేస్తాయని నేను అనను. కానీ పిన్ను దూరలేదనో, చెయ్యెత్తితే తప్పుగా అర్థమైందనో ఒక కుర్రాడు కాళ్ళు పోగొట్టుకోకుండా మాత్రం ఆపుతాయి.

మీ తమ్ముడికి నా తరఫున రెండు మూడు మాటలు చెప్పండమ్మా. వైర్‌లెస్‌లో వాడే ఆల్ఫా, బ్రావో, చార్లీ అక్షరాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. వేరే దేశం వాళ్ళతో మొదటి సాయంత్రమే కూర్చుని ఆగు, రా, లాగు, పడుకో, ఈ నాలుగు సైగలు సరిచూసుకోమనండి. ఉలాన్‌బాతర్ 1,300 మీటర్ల ఎత్తులో ఉంది, వేసవిలోనూ రాత్రుళ్ళు చలి వేస్తుంది, లోపల వేసుకునే ఉన్ని బనియన్ ఒకటి ఎక్కువ పెట్టుకోమనండి. అక్కడ భోజనంలో మాంసమే ఎక్కువ. మీ ఇంట్లో తినరు అంటే కాస్త కందిపొడి, చింతకాయ పచ్చడి మూత గట్టిగా ఉన్న డబ్బాలో కట్టివ్వండి. పట్టుకెళ్ళనిస్తారో లేదో యూనిట్‌లో ముందే అడగమనండి.

అమ్మగారికి ఇంకొక్కటి చెప్పండి. మంగోలియా టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మన రాత్రి తొమ్మిదింటికి అక్కడ పదకొండున్నర, వాడు నిద్రపోయి ఉంటాడు. సిగ్నల్ దొరికిన రోజు మన సాయంత్రం ఆరు, ఏడు మధ్య చేస్తాడు. ఆ గంట ఫోన్ దగ్గర పెట్టుకుంటే చాలు, రాత్రంతా మేలుకోవద్దని చెప్పండి.