పాత పీఎస్‌పీలో కొత్త కార్డు పెట్టబోతున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

మీ అన్నయ్య పీఎస్‌పీ, అదే సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్, నీ చేతికి వచ్చిందని, దానికి మైక్రో ఎస్‌డీ అడాప్టర్, అంటే ఫోన్లలో వేసే చిన్న కార్డుని అందులో పట్టేలా చేసే తొడుగు, ఆర్డర్ పెట్టావని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు. అయితే అడాప్టర్ వచ్చేలోపు ఒక్క పని చెయ్యి, అది అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోకు. పీఎస్‌పీలో ఇప్పుడున్న చిన్న మెమొరీ స్టిక్‌ని, అంటే సోనీ సొంత రకం మెమొరీ కార్డుని, మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టు. కొత్త కార్డు చేతికొచ్చిన రోజు ఎవరికీ ఆగబుద్ధి కాదు, పాతది పీకి టేబుల్ మీద పడేస్తారు, వారం తిరిగేసరికి అది ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. అందుకే ముందుగా చెప్తున్నా. మీ అన్నయ్య ఇంటర్ సెలవుల్లో కూర్చుని ఆడినవన్నీ, తెరిచిన లెవెల్స్, గెలిచిన కార్లు, అన్నీ ఆ స్టిక్‌లోనే ఉన్నాయి. ఇంకో కాపీ ఎక్కడా లేదు. స్టూడియోలో ఇన్నేళ్లుగా ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లు కార్డుల్లో పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, కార్డు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, లోపల ఉన్నది పోతే కొనడానికి దొరకదు.

కాపీ చేయడానికి కేబుల్ కావాలి. ఇప్పటి ఫోన్ల కేబుల్ పట్టదు. పీఎస్‌పీ 1000, 2000, 3000 మోడళ్లకి మినీ యూఎస్‌బీ అని పాత డిజిటల్ కెమెరాలకి వచ్చే రకం, కాస్త లావుగా ఉంటుంది. మీ ఇంట్లో పాత కెమెరా బ్యాగ్ ఏదైనా ఉంటే ముందు అందులో వెతుకు, లేకపోతే అరండల్‌పేటలో కంప్యూటర్ షాపుల్లో అడుగు. కొనేటప్పుడు డేటా కేబులేనా అని గట్టిగా అడుగు, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి కూడా అచ్చం అలాగే ఉంటాయి, పెడితే కంప్యూటర్‌లో ఏమీ రాదు, నువ్వేమో పీఎస్‌పీ పాడైందని టెన్షన్ పడతావు. కాపీ జరిగేటప్పుడు ఛార్జర్ కూడా పెట్టి ఉంచు. సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ కనెక్షన్ నొక్కగానే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది.

లోపల పీఎస్‌పీ అనే ఫోల్డర్, అందులో సేవ్‌డేటా అని ఇంకో ఫోల్డర్ ఉంటాయి. తెరిస్తే గేముల పేర్లు కనిపించవు, యూఎల్‌ఈఎస్, యూసీఈఎస్ లాంటి అక్షరాలు, వాటి వెనక 5 అంకెలు ఉంటాయి. చూసి కంగారు పడకు, అవి గేముల కోడ్‌లు. ఒక్కో ఫోల్డర్‌లో ఐకాన్0 అనే చిన్న బొమ్మ ఉంటుంది, అది తెరిస్తే ఏ గేమో తెలిసిపోతుంది. ఏది కావాలి ఏది వద్దు అని నువ్వు తేల్చకు. ఒక్కో సేవ్ మహా అయితే ఒకటి రెండు ఎంబీలు, చాలావరకు అంత కూడా ఉండదు, కాబట్టి ఏరుకునే పనేం లేదు. స్టిక్‌లో ఉన్నదంతా, పాటలు ఫొటోలతో సహా, అన్నయ్య పేరుతో ఒక ఫోల్డర్‌లో వేసి, అదే ఇంకోసారి పెన్‌డ్రైవ్‌లో కూడా వెయ్యి.

ఇప్పుడు అడాప్టర్ సంగతి. నువ్వు ఆర్డర్ పెట్టింది ఒక కార్డు పట్టేదా, రెండు కార్డులు పట్టేదా అన్నది నాకు ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు. రెండు కార్డులదైతే మార్చేసుకో. రెండు కార్డులు పెడితే ఎక్కువ జాగా వస్తుందని అమ్ముతారు, నిజమే, కానీ అది డేటాని ముక్కలు చేసి సగం ఒక కార్డులో సగం ఇంకో కార్డులో రాస్తుంది. రెండింట్లో ఏ ఒక్కటి చచ్చినా మొత్తం పోయినట్టే. మిగిలిన కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టినా అందులోంచి ఏమీ తీయలేవు. ఇప్పుడు ఒక్క కార్డులోనే 64 జీబీ, 128 జీబీ దొరుకుతుంటే ఆ రకంతో మనకి పనేంటి?

అడాప్టర్ రాగానే బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడు. పీఎస్‌పీలో పట్టే స్టిక్ రకం పేరు మెమొరీ స్టిక్ డ్యూయో, దాని మందం 1.6 మిల్లీమీటర్లు, పొడవు 31, వెడల్పు 20. లోపల దూరే మైక్రో ఎస్‌డీయే దాదాపు 1 మిల్లీమీటరు. అంటే పైన కింద కలిపి ప్లాస్టిక్‌కి మిగిలేది కాస్తంతే. చవక రకాల్లో కార్డు పెట్టగానే మధ్యలో ఉబ్బుతుంది, అలా ఉబ్బినదాన్ని పీఎస్‌పీలో బలవంతంగా తోస్తే లోపలికి పోతుంది కానీ బయటికి రాదు, స్ప్రింగ్ విరుగుతుంది. కార్డు పెట్టిన అడాప్టర్‌ని పాత స్టిక్ పక్కన ఆనించి, రెండూ ఒకే మందంలో ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడు. తేడా తగిలితే వెనక్కి పంపెయ్, మొహమాటపడకు.

ఒక విషయం ముందే చెప్పెయ్యాలి, ఈ అడాప్టర్ పీఎస్‌పీ 1000, 2000, 3000లకి, తర్వాత వచ్చిన స్ట్రీట్ మోడల్‌కి పట్టేది. పీఎస్‌పీ గోకి ఇంకా చిన్న రకం స్టిక్, పీఎస్‌పీ తర్వాత సోనీ తెచ్చిన వీటాకి అసలు పద్ధతే వేరు. మీ ఫ్రెండ్ వీటాకి చేసినట్టు సాఫ్ట్‌వేర్ మార్చే పనులేవీ దీనికి అక్కర్లేదు. అడాప్టర్‌ని పీఎస్‌పీ మామూలు మెమొరీ స్టిక్ అనుకుంటుంది. ఎవడైనా ముందు దాన్ని హ్యాక్ చేయాలిరా అంటే వినకు.

కార్డు విషయంలో మాత్రం కాస్త ఎక్కువ చెప్తాను, ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి కాబట్టి. పీఎస్‌పీ స్పీడ్‌కి ఖరీదైన కార్డు దండగ, 4కె వీడియోలు తీసేవాళ్ల కోసం చేసిన కార్డు నువ్వు కొంటే ఆ డబ్బుకి తేడా నీకు కనపడదు. స్పీడ్ గుర్తు క్లాస్ 10 అని ఉన్న మామూలు కార్డు చాలు. సైజు 32 జీబీ తీసుకో. ఒక గేమ్ డిస్కు నిండా నింపినా 1.8 జీబీ, కాబట్టి 32లో చాలా పడతాయి. 64, 128 కూడా పనిచేస్తాయి కానీ గేములు ఎక్కువైతే లిస్టు తెరుచుకోవడానికి టైమ్ పడుతుంది, అదీకాక కొన్ని పాత అడాప్టర్లు 32 దాటితే మొరాయిస్తాయి.

స్పీడ్, సైజు సరే, అసలు చూడాల్సింది అది నిజమైన కార్డా కాదా అన్నది. గవర్నర్‌పేటలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ప్యాకింగ్ చూసి నమ్మొద్దు. నకిలీ కార్డు ఎలా చేస్తారో చెప్తా విను. 4 జీబీయో 8 జీబీయో ఉన్న చిప్‌కి, నేను 64 అని చెప్పు అని రాసి పెడతారు. కంప్యూటర్‌లో పెడితే 64 అనే చూపిస్తుంది, మొదట్లో కాపీ చేసినవి బాగానే తెరుచుకుంటాయి కూడా. అసలు జాగా నిండాక రాసినవి మాత్రం గాల్లో కలిసిపోతాయి, లేదంటే ముందు రాసినవాటి మీదే పడి రెండూ చెడతాయి. ఎర్రర్ ఏమీ రాదు. పెళ్లి ఫొటోలు అలాంటి కార్డులో పడేసి, రిసెప్షన్ సగం దాకా ఉండి తర్వాతవన్నీ బూడిద రంగు గళ్లుగా మారిపోయాయని నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన కుర్రాళ్లని చూశాను, వాళ్లకి నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

కాబట్టి కార్డుని పీఎస్‌పీలో పెట్టకముందే పరీక్ష చెయ్యి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, లినక్స్‌లో, మ్యాక్‌లో అయితే ఎఫ్3. రెండూ ఉచితమే. కార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా డేటా నింపి, మళ్లీ వెనక్కి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తాయి. ఖాళీ కార్డు మీదే చెయ్యి. 32 జీబీకి మామూలు రీడర్‌లో గంటకు పైనే పట్టొచ్చు, పెట్టేసి భోంచేసి రా. ఒక్క తప్పు చూపించినా ఆ కార్డు వద్దు, మళ్లీ ఫార్మాట్ చేస్తే బాగవుతుందేమోనని ఆశ పెట్టుకోకు. బిల్లు, స్క్రీన్ ఫొటో తీసుకుని తిప్పి ఇచ్చెయ్. ఈ పరీక్షకి కార్డుని పెద్ద ఎస్‌డీ అడాప్టర్‌లో పెడతావు కదా, దాని ఎడమ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది. రీడర్‌లోకి తోసేటప్పుడు అది కిందికి జరిగిపోయి, కార్డు మీద రాయడం కుదరదని కంప్యూటర్ మొండికేస్తుంది. మీట పైకి జరిపితే సరిపోతుంది.

కార్డు పాసైందా, ఇప్పుడు పీఎస్‌పీ. పాత స్టిక్ తీసే ముందు దాన్ని పూర్తిగా ఆఫ్ చెయ్యి. పవర్ మీట ఒక్కసారి పైకి అని వదిలేస్తే అది నిద్రలోకి మాత్రమే వెళ్తుంది, కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే ఆఫ్ అవుతుంది. నిద్రలో ఉన్నప్పుడు స్టిక్ లాగితే ఆడుతున్న గేమ్ సేవ్ చెడిపోయే ప్రమాదం ఉంది. ఎడమ పక్కన మూత తెరిచి, స్టిక్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకో, తర్వాత వేలితో కాస్త లోపలికి నొక్కితే అదే బయటికొస్తుంది. అడాప్టర్ మీద కార్డు ఎటు దూర్చాలో బాణమో బొమ్మో ఉంటుంది. మైక్రో ఎస్‌డీకి ఒక చివర గోరుకి తగిలే గట్టు ఉంటుంది, ఆ చివర బయటికి ఉండాలి, బంగారు రంగు గీతలు ముందుగా లోపలికి పోవాలి. సరైన వైపు పెడితే తేలిగ్గా జారుతుంది. బలం పెట్టాల్సి వస్తే ఆగి, తిప్పి చూడు. తర్వాత అడాప్టర్‌ని ఫొటోలో పాత స్టిక్ ఉన్నట్టే పెట్టి, టిక్కుమనే దాకా తొయ్యి.

ఆన్ చేశాక సెట్టింగ్స్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, అక్కడ మెమొరీ స్టిక్ ఫార్మాట్ అని ఉన్నది నొక్కు. కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసి తెచ్చుకోవద్దు, పీఎస్‌పీలోనే చెయ్యి. కార్డులో ఫైళ్లు సర్దే పద్ధతులు ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అని ఉంటాయి, పీఎస్‌పీ ఫ్యాట్32 చదువుతుంది కానీ ఎక్స్‌ఫ్యాట్ చదవదు. 32 దాటిన కార్డులు ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే ఎక్స్‌ఫ్యాట్‌తో, చాలా విండోస్ కంప్యూటర్లలో ఫార్మాట్ బాక్సు తెరిస్తే ఆ సైజుకి ఫ్యాట్32 ఆప్షనే చూపించదు. పీఎస్‌పీ అయితే తనకి కావాల్సినట్టు తనే సరిచేసుకుని, ఫోల్డర్లు కూడా తనే తయారు చేసుకుంటుంది. మొదటిసారి పెట్టగానే కార్డు చదవలేకపోతున్నానని పీఎస్‌పీ అన్నా భయపడకు, ఫార్మాట్ అయ్యాక మాట్లాడుదాం.

ఫార్మాట్ అయ్యాక సైజు చూస్తే 32కి 29 చిల్లర కనిపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, మిషన్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా.

ఇక కంప్యూటర్‌కి తగిలించి, అన్నయ్య ఫోల్డర్‌లోని పీఎస్‌పీ ఫోల్డర్‌ని కొత్త కార్డు మీద వెయ్యి, కలపమంటావా అని అడిగితే అవునను. ఎడమ పక్కన నారింజ రంగు లైటు మిణుకుతున్నంతసేపు కేబుల్ పీకకు. అయ్యాక గేమ్ మెనూలో సేవ్‌డ్ డేటా తెరువు, ఐకాన్లన్నీ వరసగా రావాలి. ఐకాన్ కనిపిస్తే చాలదు, ఒకటి రెండు గేములు నిజంగా లోడ్ చేసి చూడు. కొన్ని రోజులు ఆడి, ఆఫ్ చేసి ఆన్ చేసి, అంతా నిలబడుతోందని నమ్మకం కుదిరాకనే పాత స్టిక్ గురించి ఆలోచించు. అప్పుడు కూడా చెరపకు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి మీ అమ్మకి ఇచ్చెయ్.

మూత తెరిచావు కాబట్టి వెనక బ్యాటరీ కూడా చూడు. ఇంతకాలం వాడకుండా పడున్న పీఎస్‌పీల్లో బ్యాటరీలు ఉబ్బుతాయి. వెనక మూత సమంగా కూర్చోకుండా లేచి ఉన్నా, బ్యాటరీ బల్ల మీద పెడితే ఊగుతున్నా ఇంక ఛార్జ్ చేయొద్దు, దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చి కొత్తది వేయించు. మన గుంటూరు, బెజవాడ ఎండలు నీకు చెప్పక్కర్లేదు, మే నెలలో దాన్ని స్కూటర్ డిక్కీలో వదిలి వెళ్లావంటే కొత్త బ్యాటరీ అయినా దెబ్బతింటుంది.

ఇంత చేసినా కార్డు చదవకపోతే వరసగా ఒక్కొక్కటీ చూడు. ముందు అడాప్టర్ తీసి మళ్లీ పెట్టు, తర్వాత మైక్రో ఎస్‌డీ గీతల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్ బడ్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వు, తర్వాత అదే అడాప్టర్‌లో ఇంకో కార్డు పెట్టి చూడు. అది చదివితే తప్పు కార్డుది, అదీ చదవకపోతే అడాప్టర్‌ది. పాత స్టిక్ పెడితే మామూలుగా పనిచేస్తోందంటే పీఎస్‌పీకి ఏమీ కాలేదని అర్థం. అప్పటికీ తేలకపోతే పీఎస్‌పీ, రెండు కార్డులు, ఆ మినీ యూఎస్‌బీ కేబుల్ తీసుకుని ఆదివారం బండెక్కి వచ్చెయ్. ముహూర్తాలు లేవు, స్టూడియోలోనే ఉంటాను.

మీ మామయ్య
విజయవాడ