నాన్నగారి గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పోయిన సంచికలో ఒక పాఠకురాలి ప్రశ్న వేసి, జవాబు తర్వాత ఇస్తామన్నాం. బయాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన తండ్రి పోయారు, ఆయన శిష్యులు సంస్మరణ సంచిక తెస్తున్నారు, అందులో కూతురిగా ఏం రాయాలో తోచడం లేదని ఆమె రాశారు. ఆ ప్రశ్న చూసి ఎంతమందికి వాళ్ల సార్ గుర్తొచ్చారో, ఎంతమందికి వాళ్ల నాన్న గుర్తొచ్చారో గానీ, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అదే విషయం. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి వాయిదా వేసి వీటికే చోటిస్తున్నాం.

ప్రశ్న: "గొప్ప గురువు, మంచి తండ్రి" అని రాసి అక్కడే ఆగిపోతున్నాను. నాకు గుర్తొచ్చేది ఒక్కటే. చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగితే నాన్నగారు నా కాలు ఒళ్లో పెట్టుకుని, మెడలో దారానికి వేలాడే లెన్స్ కంటికి ఆనించి, సూది మొనతో కదుపుతూ "ఇది ఏ చెట్టుది చెప్పు" అని అడిగేవారు. కాగితం పూల చెట్టుది అంటే "అయితే అది ఒకప్పుడు కొమ్మే, ముల్లుగా మారింది" అనేవారు. గులాబీది అంటే "దీనికి లోపల పట్టు లేదు, పైతొక్క మీద మొలిచింది, అందుకే పక్కకి నొక్కితే పుటుక్కున ఊడొస్తుంది" అనేవారు. ఈలోపు నా కాల్లో ముల్లు కూడా బయటికి వచ్చేసేది. ఇది రాస్తే చిన్నపిల్లల కబుర్లలా ఉంటుందేమో!
— ఒక కూతురు

జవాబు: ఆ ముల్లే రాయండమ్మా, ఇంకేమీ వెతక్కండి. "గొప్ప గురువు" అన్న మాట ఆయన్ని ఒక్కసారి కూడా చూడనివాళ్లు సైతం రాయగలరు, రాస్తారు కూడా, ఆ సంచికలో సగం పేజీలు వాటితోనే నిండిపోతాయి. ఏడుస్తున్న పిల్ల కాలు ఒళ్లో పెట్టుకుని, నొప్పి నుంచి పిల్ల ధ్యాస మళ్లించడానికి కొమ్మకీ తొక్కకీ తేడా చెప్పిన మనిషి మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉన్నారు. పైగా ఆయన చెప్పింది అక్షరాలా సరైన బోటనీ, పిల్ల కదా అని ఏదో ఒకటి చెప్పి సరిపెట్టలేదు, ఆ సంగతి కూడా రాయండి.

డార్విన్‌కి కేంబ్రిడ్జిలో హెన్‌స్లో అని ఒక బోటనీ ప్రొఫెసర్ ఉండేవారు. 1831లో బీగిల్ ఓడలో వెళ్లే అవకాశం డార్విన్‌కి దక్కింది ఆయన సిఫార్సుతోనే. అంత మేలు చేసిన గురువు గురించి డార్విన్ తన ఆత్మకథలో ఒక చిన్న సంగతి రాసుకున్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకరోజు తడి మీద పడిన పుప్పొడి రేణువుల్ని పరీక్షిస్తుంటే వాటి నుంచి సన్నని గొట్టాలు బయటికి రావడం కనిపించిందట. లోకంలో ఎవరూ చూడనిది తనే చూశాననుకుని పరుగున వెళ్లి హెన్‌స్లోకి చెప్పాడు. ఇంకో ప్రొఫెసర్ అయితే నవ్వేసేవాడే. హెన్‌స్లో నవ్వలేదు. ఎంత ఆసక్తికరమైన విషయమో ఒప్పుకుని, దాని అర్థమేమిటో వివరించి, ఇది అందరికీ ఎప్పటినుంచో తెలిసిందేనని కూడా స్పష్టంగా చెప్పాడు. డార్విన్ చిన్నబుచ్చుకోకుండా, తనంతట తాను కనుక్కున్నానన్న సంతోషంతోనే ఇంటికెళ్లాడు, ఇకమీదట ఇలా తొందరపడి చెప్పకూడదని మాత్రం అనుకున్నాడు. ఈ ఒక్కటి చదివితే హెన్‌స్లో ఎలాంటి గురువో తెలిసిపోతుంది, విశేషణాలతో పనిలేదు.

ఇక రాయడం సంగతి. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి బిగుసుకుపోతోంది కాబట్టి ముందు ఎవరికైనా నోటితో చెప్పండి, అమ్మకో అన్నయ్యకో, ఫోన్‌లో రికార్డు ఆన్ చేసి. తర్వాత విని అదే రాసుకోండి. "నాన్నగారు ఫలానా సంవత్సరంలో జన్మించారు" అని మాత్రం మొదలుపెట్టకండి, అక్కడితోనే సగంమంది పేజీ తిప్పేస్తారు. అలాగని తేదీలు వదిలేయమని కాదు. ఎప్పుడు ఉద్యోగంలో చేరారు, దేని మీద పరిశోధన చేశారు, ఎప్పుడు రిటైరయ్యారు అన్నవి కాగితాలు తీసి సరిచూసి చివర్లో ఒక చోట పెట్టండి, ఎందుకంటే కొన్నేళ్లు పోయాక ఆయన గురించి అచ్చులో మిగిలేది ఈ సంచిక ఒక్కటే కావచ్చు. జ్ఞాపకంలో తప్పు దొర్లితే ఎవరైనా సర్దుకుంటారు, అచ్చయిన తేదీలో తప్పు దొర్లితే అదే నిజమైపోతుంది.

ప్రశ్న: మా సార్ పోయిన రోజు వాళ్ల పిల్లలకన్నా నేనే ఎక్కువ ఏడ్చాను. తర్వాత సిగ్గనిపించింది. కన్నపిల్లల ముందు అంతగా ఏడ్చే హక్కు నాకుందా?
— ఒక శిష్యుడు

జవాబు: ఉంది. ఏడుపుకి వరస చూస్తారా ఎవరైనా! పిల్లలు ఏడవలేదంటే లోపల ఏమీ లేదని కూడా కాదు, వచ్చినవాళ్లకి కుర్చీలు వేయడం, ఫోన్లు ఎత్తడం, సర్టిఫికెట్ల కోసం తిరగడం, ఇవన్నీ వాళ్ల నెత్తినే పడతాయి, వాళ్ల ఏడుపు ఇల్లు ఖాళీ అయ్యాక వస్తుంది. మీరు చేయగలిగింది అప్పుడే. వెళ్లి "మీ నాన్నగారు దేవుడు" అనకండి. దేవుడి గురించి వాళ్లకి ఇదివరకే చాలామంది చెప్పి ఉంటారు. వాళ్లెప్పుడూ చూడని ప్రాక్టికల్స్ క్లాసు గురించి చెప్పండి. మీరే ఉత్తరంలో రాశారు కదా, కాండం సెక్షన్, అంటే పల్చని ముక్క, కోయమంటే మీకు బ్లేడు వంకర పోయి దిమ్మలా వచ్చిందని, పారేయబోతుంటే సార్ చెయ్యి పట్టుకుని "ముందు అంచు చూడు, ప్రతి సెక్షన్‌కీ ఒక మూల పల్చగా ఉంటుంది" అని, ఆ మూలకే సేఫ్రనిన్ అనే రంగు వేయించి మైక్రోస్కోపులో నీళ్లు మోసే జైలమ్ ఎర్రగా కనిపించేదాకా మీ వెనకే నిలబడ్డారని. అది వాళ్ల పిల్లలకి తెలియదు. తెలిస్తే మాత్రం మీకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఇంకా చెప్పమంటారు.

ప్రశ్న: అందరూ మా నాన్నని కాలేజీకి అంకితమైన మనిషి అంటుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆదివారాలు ఫీల్డ్ ట్రిప్పులు, సెలవుల్లో పేపర్లు దిద్దడం. మాకు మిగిలింది ఆయన అలసట. సభలో నన్నూ మాట్లాడమంటున్నారు.
— ఒక కొడుకు

జవాబు: మాట్లాడాలని లేకపోతే మాట్లాడకండి, మీ తరఫున అక్కో చెల్లో మాట్లాడతారు, ఎవరూ అడగరు. మాట్లాడితే మాత్రం "ఆయన తనదైన పద్ధతిలో మమ్మల్ని ప్రేమించారు" లాంటి రెడీమేడ్ వాక్యం వద్దు, దాని వెనక చూపించడానికి ఒక్క సంఘటన ఉంటే తప్ప. పిల్లలకి తండ్రి పనివేళలంటే కోపం రావడం మీ ఒక్క ఇంట్లోనే జరగలేదు. డార్విన్ తన జీవితంలో ఎక్కువభాగం ఇంట్లోనే కూర్చుని పనిచేశాడు, పిల్లలంటే ప్రాణం, అయినా ఆయన కొడుకుల్లో ఒకడు నాలుగేళ్ల వయసులో, పనివేళల్లో బయటికొచ్చి తనతో ఆడుకుంటే ఆరు పెన్నీలు ఇస్తానని తండ్రికి లంచం ఇవ్వబోయాడట. ఇంట్లో ఉన్న తండ్రితోనే అలా ఉంటే ఫీల్డ్‌కి వెళ్లిన తండ్రి సంగతి చెప్పాలా?

మీ కోపం నిజమే, దాన్ని మింగేయమని నేను అనను. అయితే సభకి వచ్చేవాళ్లు మీ లెక్క తేల్చలేరు, వాళ్లకి అది తెలియనూ తెలియదు. ఆ భాగం అమ్మతోనో తోబుట్టువులతోనో కూర్చుని మాట్లాడండి, వాళ్లకీ అలాంటిదే ఉండొచ్చు. సభలో కావాలంటే ఉన్నదున్నట్టు "ఆదివారాలు మీకు ఇచ్చారు, మాకు లేవు, మీ దగ్గర ఉన్న ఆదివారాల గురించి నాకు చెప్పండి" అనండి. నా లెక్కన ఆ సభలో అంతకన్నా మంచి మాట ఎవరూ మాట్లాడరు.

ప్రశ్న: నాన్న గది నిండా ఫార్మలిన్ సీసాలు, స్లైడ్ల పెట్టెలు, ఎండబెట్టి అంటించిన మొక్కల షీట్లు, రెండు పెట్టెల పురుగులు. అమ్మ పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం అంటోంది. నాకు మనసొప్పడం లేదు, ఏం చేయాలో తెలియడం లేదు.
— బయాలజీ రాని కూతురు

జవాబు: పాతసామాన్లవాడికి మాత్రం వద్దు. ముందు సీసాల సంగతి, ఎందుకంటే అది భద్రత విషయం. ఫార్మాల్డిహైడ్ వాయువుని నీళ్లలో కలిపితే వచ్చేదే ఫార్మలిన్, కళ్లు మండిస్తుంది, గొంతు పడుతుంది, ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది. మూతలు తీయకండి, సింకులో పోయకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. నాన్నగారి డిపార్ట్‌మెంట్‌లో ల్యాబ్ చూసేవాళ్లకి చెబితే వాళ్లే వచ్చి తీసుకెళ్తారు, ఎలా వదిలించుకోవాలో వాళ్లకి తెలుసు.

మొక్కల షీట్లు వేరే కథ. పాతరోజుల్లో పురుగు పట్టకుండా వాటికి మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవాళ్లు, అది పాదరసం విషం, కాబట్టి గ్లౌజులు వేసుకునే ముట్టుకోండి, అన్నం తినే బల్ల మీద మాత్రం పరవకండి. షీటు మూలన ఉన్న లేబుల్ చూడండి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో ఉంటుంది. ఆ లేబుల్ ఊడిపోతే మొక్క ఎంత అందంగా ఉన్నా పరిశోధనకి పెద్దగా పనికిరాదు. నాన్నగారి ఫీల్డ్ నోట్‌బుక్కుల్లో ఉన్న నంబర్లే షీట్ల మీదా ఉంటాయి, కాబట్టి రెండిటినీ విడదీయొద్దు. పురుగుల పెట్టెల్ని కవర్లో గాలి చొరకుండా చుట్టి ఒక వారం పైనే డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే వాటిని తినే కీటకాలు చస్తాయి, ఆ తర్వాత బయటికి తీసి కవరు వెంటనే విప్పకుండా గది వేడికి రానివ్వాలి. స్లైడ్లు పడుకోబెట్టే దాచండి. అంచుల్లో పసుపు రంగు తేలితే కంగారు వద్దు, స్లైడు మీద గాజుబిళ్ల అంటించే కెనడా బాల్సమ్ అనే జిగురు వయసు మీద పడితే అలాగే అవుతుంది.

ఇవి ఎవరికి ఇవ్వాలన్నది అసలు ప్రశ్న. ఎండబెట్టిన మొక్కల షీట్లు భద్రపరిచే హెర్బేరియం, చూసుకునే క్యూరేటర్ ఉన్నది, ఏదైనా ఉంటే అక్కడికే. ఇచ్చేటప్పుడు ఎన్ని షీట్లు ఇచ్చామో కాగితం మీద రాయించుకోండి, మొహమాటపడకండి. లినేయస్ పేరు విని ఉంటారు, మొక్కలకీ జంతువులకీ రెండు మాటల పేర్లు స్థిరపరచిన ఆయన, ఉప్సాలా యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1778లో ఆయన పోయారు, 1783లో కొడుకూ పోయాడు, 1784లో ఇంటివాళ్లు ఆ సేకరణంతా జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇంగ్లిష్ యువకుడికి అమ్మేశారు. ఆ షీట్లు ఇప్పటికీ లండన్‌లోని లినేయన్ సొసైటీలో ఉన్నాయి, లినేయస్ పెట్టిన మొక్క పేరు మీద తగాదా వస్తే వాటినే తీసి చూస్తారు. ఇంట్లోవాళ్లు మొక్కలు తెలిసినవాళ్లే కానక్కర్లేదు, తెలిసినవాళ్ల చేతికి అందేలా చూస్తే చాలు.

ఆ గదిలో నాన్నగారి లెన్స్ కూడా ఉంటే, అది మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అది మీదే.

ప్రశ్న: మా ప్రొఫెసర్ గారి పేర గోల్డ్ మెడల్ పెడదామని చందాలు వసూలు చేస్తున్నాం. ఏమంటారు?
— పాత విద్యార్థులు

జవాబు: పెట్టుకోండి, తప్పేం లేదు, కానీ మెడల్ వెళ్లేది ఎలాగూ ఫస్ట్ వచ్చే పిల్లకే, ఆ పిల్లకి అది ఐదో మెడల్. ఫీల్డ్ ట్రిప్పుకి డబ్బుల్లేక ఆగిపోయే పిల్లల ఖర్చు భరించడమో, ల్యాబ్‌కి మంచి మైక్రోస్కోపులు కొనడమో నాకైతే మెరుగనిపిస్తుంది. ఒక సంగతి ఉంది, చదివే ఉంటారు. మొక్కల పిండోత్పత్తి శాస్త్రంలో పెద్ద పేరున్న పంచానన్ మహేశ్వరి కాలేజీ రోజుల్లో తన గురువు డడ్జన్‌ని, మీరు చేసినదానికి బదులుగా నేనేం చేయగలనని అడిగారట. నేను నీకు చేసింది నువ్వు నీ విద్యార్థులకి చెయ్యి అన్నారాయన. చందాల మీటింగులో దీన్ని ఒకసారి చదవండి, తర్వాత మీ ఇష్టం.

ప్రశ్న: సార్ ఎంత మంచివారో అంత కోపిష్టి. సభలో ఆ మాట అనొచ్చా?
— పేరు వద్దు

జవాబు: అనొచ్చు, దేనిమీద కోపమో చెప్పగలిగితే. రికార్డులో పక్కవాడి బొమ్మ చూసి దించితే పుస్తకం విసిరికొట్టేవారు అంటే హాలంతా నవ్వుతుంది, అందరూ తిన్నవాళ్లే కాబట్టి. ఒక విద్యార్థిని మనసు విరిగేలా అన్న సంగతైతే అది ఆ విద్యార్థి చెప్పుకోవాల్సింది, మీరు కాదు.

ప్రశ్న: నాన్నగారి పేరు ఒక మొక్కకి పెట్టించడం కుదురుతుందా?
— ఆయన చిన్నకూతురు

జవాబు: ఇప్పటికే శాస్త్రీయనామం ఉన్న మొక్కకి మీకు నచ్చిందని పేరు మార్చడం కుదరదు. మొక్కల పేర్ల విషయంలో లినేయస్ 1753లో వేసిన పుస్తకం దగ్గర్నుంచి లెక్క, మామూలుగా ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. ఎవరికైనా కొత్త జాతి దొరికి, దాన్ని వర్ణిస్తూ పేపర్ ప్రచురిస్తే, ఆ పరిశోధకులు గౌరవంగా నాన్నగారి పేరు పెట్టొచ్చు. అప్పుడు ఆయన పేరు లాటిన్ రూపంలోకి మారి చివర ఐ చేరుతుంది. పేరు పెట్టేవాళ్లు తమ పేరు తామే పెట్టుకోవడం మర్యాద కాదు, అందుకే ఇలాంటి పేర్లు దాదాపు అన్నీ ఇతరులు ఇచ్చినవే. తోట మొక్కల రకాలకైతే ఇంత తతంగం లేదు, కొత్త మందారం రకమో గులాబీ రకమో తయారుచేసినవాళ్లు, అదివరకే వాడుకలో లేని పేరైతే దానికి ఆయన పేరే పెట్టి నమోదు చేయించొచ్చు. నాన్నగారి శిష్యుల్లో మొక్కల వర్గీకరణ మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి, కొత్త జాతి దొరకాలి కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది.