పసిబిడ్డ పొట్టలో గాలి: ఏడుపంతా దానివల్లేనా?

ప్రశ్న: మా పాపకు 5 వారాలు. తల్లిపాలే. రోజూ సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టి రాత్రి 9, 10 దాకా గుక్కపట్టి ఏడుస్తుంది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, మధ్యమధ్యలో గాలి వదులుతుంది. పగలు మాత్రం హాయిగా ఉంటుంది. గ్యాస్ ఇంతలా బాధపెడుతుందా?
(5 వారాల పాప తల్లి)

జవాబు: ఏడుస్తూ గాలి వదిలింది కాబట్టి ఆ గాలి వల్లే ఏడ్చిందని ఎవరికైనా అనిపిస్తుంది. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. ఏడుస్తూ గాలి మింగుతుంది, మింగింది కిందికి దిగుతుంది. కాళ్లు ముడవడం, పిడికిళ్లు బిగించడం, మొహం కందగడ్డలా మారడం... ఆకలికి ఏడ్చినా, అలసటకు ఏడ్చినా పసివాళ్లు చేసేది ఇదే. పొట్ట కండరాలు బిగిస్తే కాళ్లు వాటంతటవే పైకొస్తాయి, లోపలున్న గాలీ బయటికొస్తుంది.

పుట్టిన 2 వారాలకు ఏడుపు పెరగడం మొదలవుతుంది. 6వ వారం దగ్గర బాగా ఎక్కువై, 3, 4 నెలలకు తగ్గిపోతుంది. సాయంత్రం పూటే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా ఆ 6వ వారంలో రోజు మొత్తం మీద 2 గంటలకు పైగా ఏడవచ్చు. వెసెల్ అనే అమెరికా పిల్లల వైద్యుడు 1954లో దీనికొక కొలత పెట్టాడు: రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు పైగా ఏడిస్తే కోలిక్ (ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కారణం తెలియకుండా అతిగా ఏడవడం). ఇప్పుడు వైద్యులు గంటలు లెక్కపెట్టడం మీద అంత పట్టుదలగా లేరు. పాలు బాగా తాగుతోందా, బరువు పెరుగుతోందా, ఏడుపు లేనప్పుడు మామూలుగా ఉందా అన్నవే ముందు చూస్తారు. మొదటి 3 నెలల్లో రోజుకు సుమారు 25-30 గ్రాములు పెరుగుతూ, రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే.

గాలి సంగతి అలా వదిలేయమని కాదు. పొట్టలోకి గాలి వచ్చే దారులు రెండు: నోటితో మింగేది, పాలలోని లాక్టోజ్ (పాల చక్కెర) పెద్దపేగులో పులిసినప్పుడు పుట్టేది. రెంటికీ మందు సీసాకన్నా ముందు చూడాల్సింది పాలు పట్టే తీరు.

పాప రొమ్ము పట్టుకున్నప్పుడు నోరు పెద్దగా తెరిచి ఉండాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచినట్టుండాలి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం పైవైపు ఎక్కువ, కిందివైపు తక్కువ కనిపించాలి. తాగుతుంటే 'టక్ టక్'మని నాలుక చప్పుడు వస్తోందంటే పట్టు జారుతోంది, గాలి పోతోంది. చిటికెనవేలు పెదవి మూలలోంచి పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. అలా 3 సార్లయినా ఫర్వాలేదు.

పాలు ఒక్కసారిగా ఎగదన్ని పాప ఉక్కిరిబిక్కిరవుతుంటే మీరు వెనక్కి జారగిలబడి, పాపను మీ పొట్టమీద బోర్లా పడుకోబెట్టుకున్నట్టుగా పట్టండి. ఒక రొమ్ము పూర్తిగా తాగాకే రెండోది ఇవ్వండి. 5 నిమిషాలకోసారి మారుస్తుంటే కొవ్వు తక్కువ ఉన్న ముందు పాలే రెండువైపులా ఎక్కువగా పోతాయి. అవి పొట్టలోంచి త్వరగా దిగిపోతాయి, లాక్టోజ్ కొంత అరగకుండానే పెద్దపేగుకు చేరుతుంది. విరేచనం ఆకుపచ్చగా, నురగగా వస్తుంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఏడుపు మొదలయ్యాక ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, చెంప మీ మోచేతి వంపులో, కాళ్లు మీ అరచేతికి ఇరువైపులా వేలాడేలా పట్టుకుని నడవండి. గోరువెచ్చని స్నానం కొందరికి పనిచేస్తుంది. వేడినీళ్ల సంచి మాత్రం పొట్టమీద పెట్టకండి. పెద్దవాళ్లకు హాయిగా అనిపించే వేడి పసిచర్మాన్ని కాలుస్తుంది.

పొట్ట మర్దనా చేయాలంటే పాలు పట్టి 45 నిమిషాలైనా గడవాలి, బొడ్డు ఊడి మానిపోయి ఉండాలి. పాపను వెల్లకిలా, కాళ్లు మీవైపు ఉండేలా పడుకోబెట్టండి. పాప కుడి గజ్జ దగ్గర, అంటే మీ ఎడమచేతి వైపు మొదలుపెట్టి పక్కటెముకల కింది దాకా పైకి, బొడ్డు పైనుంచి అడ్డంగా, ఆపైన పాప ఎడమవైపు కిందికి. మీకు గడియారం ముల్లు తిరిగినట్టే ఉంటుంది. పెద్దపేగు సాగే దారి అదే. ఎదురు తిప్పితే గాలిని వెనక్కి తోసినట్టవుతుంది. తర్వాత రెండు మోకాళ్లూ కలిపి మెల్లగా పొట్టకు ఆనించి 5 సెకన్లు ఉంచి వదలండి, 5, 6 సార్లు. పొట్ట బిగబట్టి ఏడుస్తున్నప్పుడు నొక్కితే లాభం లేదు. కాస్త శాంతించాక చేయండి.

ఇవన్నీ చేసినా కొన్ని సాయంత్రాలు ఏడుపు ఆగదు. మీ ఓపిక నశిస్తోందనిపిస్తే పాపను మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి 5, 10 నిమిషాలు పక్కగదిలోకి వెళ్లండి. తప్పేమీ లేదు. విసుగులో బిడ్డను పట్టుకుని కుదపడం మాత్రం క్షణంలో మెదడులో రక్తస్రావం తెస్తుంది.

ప్రశ్న: బాబుకు 2 నెలలు. డబ్బా పాలు పడుతున్నాం. 5 నిమిషాల్లో సీసా ఖాళీ చేసేస్తాడు, పెదవుల పక్కనుంచి కారుతుంటాయి. తర్వాత అరగంట వీపు తట్టినా త్రేన్పు రాదు. రాకపోతే పడుకోబెట్టొచ్చా?
(2 నెలల బాబు తండ్రి)

జవాబు: ఆ 5 నిమిషాలే అసలు చిక్కు. సీసా పాలకు 15-20 నిమిషాలు పట్టాలి. పెదవుల పక్కనుంచి కారడమంటే సీసా పీక రంధ్రం పెద్దది. తలకిందులుగా పట్టుకుంటే పాలు ధారగా కాకుండా సెకనుకో చుక్క చొప్పున పడాలి. మరీ చిన్న రంధ్రమూ మంచిది కాదు. బిడ్డ గట్టిగా లాగితే పీక లోపలికి అంటుకుపోతుంది, గాలి ఇంకా ఎక్కువ మింగుతాడు. పెట్టె మీద రాసిన వయసును నమ్మకుండా చుక్కను చూసి ఎంచుకోండి.

బాబును ఒళ్లో సగం కూర్చోబెట్టినట్టు పట్టుకుని, సీసాను దాదాపు అడ్డంగా, పీక నిండేంత మాత్రమే వంచి పట్టండి. నిటారుగా వంచితే పాలు వాటంతటవే గొంతులోకి దూకుతాయి, మింగక తప్పదు. కొన్ని గుక్కలకోసారి సీసా కిందికి దించి ఊపిరి తీసుకోనివ్వండి. మొహం తిప్పుకుంటే ఆపేయండి. మిగిలిన 10 మి.లీ. కోసం బతిమాలవద్దు.

కలిపేటప్పుడూ గాలి చేరుతుంది. సీసాను గబగబా గిలక్కొడితే పాలంతా నురగే. ముందు కొలిచిన నీళ్లు, తర్వాత చెంచా అంచుకు సమంగా గీసిన పొడి, కరిగేలా గుండ్రంగా తిప్పడం, నురగ తేరేదాకా ఆగడం. 'పొట్ట నిండుతుంది' అని ఒక చెంచా పొడి ఎక్కువ వేస్తే మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీరూ తగ్గిపోతుంది.

త్రేన్పు విషయానికొస్తే, అరగంట అక్కర్లేదు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలి జీర్ణాశయం ముందువైపు తేలుతుంది. అన్నవాహిక కలిసే చోటు వెనకవైపు పాలలో మునిగి ఉంటుంది కాబట్టి గాలికి పైకి దారి ఉండదు. నిటారుగా ఎత్తుకుంటే దారి తెరుచుకుంటుంది. అంటే పనిచేసేది మీ చరుపు కన్నా ఆ భంగిమ. భుజాన వేసుకోండి, లేదా ఒళ్లో కూర్చోబెట్టి కాస్త ముందుకు వంచి దవడను పట్టుకోండి (గొంతును కాదు). మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, 2, 3 నిమిషాలు చాలు. రాకపోతే గాలి మింగలేదనుకుని పడుకోబెట్టండి. 71 మంది తల్లీబిడ్డలతో జరిగిన ఒక పరీక్షలో, త్రేన్పు తీయించిన పిల్లల్లో కోలిక్ తగ్గలేదు సరికదా, పాలు కక్కడం పెరిగింది. తీయించవద్దని దీని అర్థం కాదు. త్రేన్పు రాలేదని ఇల్లంతా మేలుకోనక్కర్లేదని మాత్రం అర్థం.

ప్రశ్న: పెద్దబాబుకు వాడిన కోలిక్ చుక్కలు ఇంట్లో ఉన్నాయి. అవి 7 వారాల పాపకు వేయొచ్చా? గ్రైప్ వాటర్, కషాయాల్లో ఏది మంచిది?
(ఇద్దరు పిల్లల తల్లి)

జవాబు: ముందు ఆ సీసా మీద ఉన్న మందుల పేర్లు చదవండి. 'డైసైక్లోమిన్' ఉంటే పారేయండి. పేగుల బిగువు తగ్గించే ఈ మందు 6 నెలల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఊపిరి ఆగడం, మూర్ఛలు, స్పృహ తప్పడం వంటివి జరిగాయి. చుక్క వేయగానే ఏడుపు ఆగిందంటే నొప్పి తగ్గిందనే అనుకుంటాం. బిడ్డ మత్తులోకి జారి ఉండొచ్చు.

'సిమెథికోన్' ఒక్కటే ఉంటే భయం లేదు. అది రక్తంలో కలవదు, చిన్న బుడగలను కలిపి పెద్దవి చేస్తుంది. కానీ కోలిక్ మీద పరీక్షించి చూస్తే మందు లేని ఉత్త చుక్కలకన్నా మెరుగ్గా పనిచేయలేదు. ఇవ్వాలనుకుంటే మోతాదు డాక్టరును అడగండి. ఒక్కో సీసాలో గాఢత ఒక్కోలా ఉంటుంది, ఒకదాని డ్రాపర్‌తో మరొకటి కొలవకూడదు. థైరాయిడ్ మందు వాడుతున్న బిడ్డకైతే ఆ మందు ఒంటికి పట్టకుండా ఇది అడ్డుపడొచ్చు, తప్పక చెప్పండి.

గ్రైప్ వాటర్ అనేది ఒక మందు పేరు కాదు. ఒక్కో కంపెనీ ఒక్కోటి కలుపుతుంది. పాతరకాల్లో సారాయి కూడా ఉండేది. కోలిక్ తగ్గిస్తుందని రుజువు లేదు. తీపి నాలుకకు తగిలితే పసివాళ్లు కొన్ని నిమిషాలు ఊరుకుంటారు, దాని పేరు నిలబెట్టింది చాలావరకు ఆ తీపే.

కషాయాలు వద్దు. 6 నెలల దాకా మంచినీళ్లే అక్కర్లేదు. పాలు తాగాల్సిన చిన్న పొట్టలో నీళ్లు నిండితే బరువు పెరగదు, ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ వస్తుంది. అనాసపువ్వు కషాయం మరీ ప్రమాదం. దానిలాగే కనిపించే జపాన్ రకం విషపూరితం, రెండూ కలిసిపోతే కంటితో పోల్చలేం. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండగల, బోటులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు పసిపేగులో మొలకెత్తి కండరాలను చచ్చుబరుస్తాయి.

కాస్తయినా ఆధారం ఉన్నది ఒక ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా): లాక్టోబాసిల్లస్ రియుటరై డీఎస్ఎం 17938. అదీ తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రోగనిరోధక శక్తి తక్కువున్న బిడ్డకు సొంతంగా మొదలుపెట్టవద్దు, ఆ బ్యాక్టీరియాయే రక్తంలోకి చేరగలదు.

ప్రశ్న: నెల నిండిన బాబు దొడ్డికి పోవడానికి 10, 15 నిమిషాలు ముక్కుతాడు, ఎర్రగా అయిపోయి ఏడుస్తాడు. చివరికి వచ్చేది మెత్తగానే ఉంటుంది. సబ్బుముక్క పెడితే సుఖంగా అవుతుందంటున్నారు.

జవాబు: వద్దు. మెత్తగా వస్తోందంటే అది మలబద్ధకం కాదు. పైనుంచి పొట్టతో నెట్టడం, కింద ఆసన కండరాన్ని వదులు చేయడం రెండూ ఒకేసారి చేయాలని బాబుకింకా తెలియదు. నెడుతూనే బిగిస్తాడు. కొన్ని వారాల్లో దానంతటదే కుదురుతుంది. సబ్బు, థర్మామీటరు మొన, గొట్టం ఏది పెట్టినా లోపలి పొర చిట్లవచ్చు. పైగా రోజూ ఇలా చేస్తే సొంతంగా నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. ముక్కేటప్పుడు మోకాళ్లు పొట్టవైపు మడిచి పట్టుకోండి, చాలు. 6 వారాలు దాటాక తల్లిపాల బిడ్డ వారం రోజులు పోకపోయినా, తర్వాత మెత్తగా వస్తూ, పొట్ట మెత్తగా ఉంటే మామూలే.

ప్రశ్న: నేను పప్పులు, క్యాబేజీ తింటే పాపకు గ్యాస్ వస్తుందా?

జవాబు: మీ పేగుల్లోని గాలి పాలలోకి రాదు. అన్నీ తినండి. మినహాయింపు ఒకటుంది. పాప విరేచనంలో నెత్తురు జీరలు, జిగురు, ఒంటిమీద మొండి ఎగ్జిమా (పొడిబారి దురదపెట్టే మచ్చలు), తరచు వాంతులు ఉంటే ఆవుపాల ప్రొటీన్ పడకపోవడం కావచ్చు. అప్పుడు డాక్టరు సలహాతో 2-4 వారాలు మీరు పాల పదార్థాలు మానేసి, తగ్గితే మళ్లీ తిని చూసి నిర్ధారించుకోవాలి. ఆ రెండో మెట్టు దాటేసి నెలల తరబడి మానేసి నీరసపడే తల్లులే ఎక్కువ.

ప్రశ్న: గ్యాస్ అనుకుని అసలు జబ్బును వదిలేస్తామేమోనని భయం. ఎప్పుడు పరుగెత్తాలి?

జవాబు: 3 నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) జ్వరమున్నా, ఆకుపచ్చ వాంతి ఒక్కసారి వచ్చినా ఆగకండి. పసరు వాంతి అంటే పేగు మెలిపడి ఉండొచ్చు, గంటల వ్యవధే ఉంటుంది. 3-6 వారాల వయసులో పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కుతుంటే జీర్ణాశయం కింది దారి మూసుకుపోతోందేమో చూడాలి. నెలలు గడిచిన బిడ్డ కొన్ని నిమిషాలకోసారి కాళ్లు ముడిచి అరిచి, మధ్యలో పాలిపోయి వాలిపోతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు, ఎర్ర జెల్లీలాంటి విరేచనం వచ్చేదాకా వేచి ఉండకూడదు. పొట్ట బిర్రుగా, తాకితే గట్టిగా ఉండడం, గజ్జల్లో వాపు, మాడు ఉబ్బడం, పాలు తాగకపోవడం, మూత్రం సగానికి తగ్గడం, లేపినా మత్తుగా ఉండడం కూడా అంతే.

హఠాత్తుగా, ఎప్పుడూ లేనంతగా ఏడుపు మొదలైతే బట్టలన్నీ విప్పి చూడండి. కాలివేలికో, చేతివేలికో, మగబిడ్డ అంగానికో వెంట్రుక చుట్టుకుని బిగుసుకుపోయి ఉండొచ్చు. సాక్సు లోపల ఉంటే ఎవరికీ కనబడదు.

ప్రశ్న: బోర్లా వేస్తే గాలి పోయి హాయిగా నిద్రపోతున్నాడు. రాత్రంతా అలా ఉంచొచ్చా?
(3 నెలల బాబు తల్లి)

జవాబు: ఉంచకూడదు. బోర్లా నిద్రపోయే పసివాళ్లలో నిద్రలోనే ఊపిరాగి చనిపోయే ప్రమాదం ఎక్కువ. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని, 3 నుంచి 5 నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు బోర్లా వేయండి, గాలీ పోతుంది, మెడా గట్టిపడుతుంది. కళ్లు మూతలు పడగానే వెల్లకిలా తిప్పండి.