టెక్ సందేహాలు: స్పానిష్ క్రియల మీద ఆ వాలుగీత ఎందుకు?

ప్రశ్న: స్పానిష్ నేర్చుకుంటున్నాను. 'అబ్లో' అని ఫోన్‌లో టైప్ చేస్తే అనువాద యాప్ 'నేను మాట్లాడతాను' అంటోంది. అదే మాట పాఠంలోంచి కాపీ చేసి పెడితే 'ఆమె మాట్లాడింది' అంటోంది. యాప్ చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: యాప్ సరిగ్గానే చెబుతోందండీ. మీరు టైప్ చేసినప్పుడు చివరి 'ఓ' మీది వాలుగీత పడట్లేదు, అంతే. 'అ'ను ఒత్తి పలికితే 'నేను మాట్లాడతాను'. 'బ్లో'ను ఒత్తి పలికితే 'అతను లేదా ఆమె మాట్లాడారు'. మనకు మది, మాది దీర్ఘంతో వేరైనట్టు, వాళ్లకు ఒత్తి పలికే చోటును బట్టి మనిషి, కాలం రెండూ మారిపోతాయి. నోట్సు తెలుగు లిపిలో రాసుకుంటుంటే ఆ అలవాటు మానేయండి, ఈ తేడా అందులో కనిపించదు.

సూత్రం చిన్నదే. మాట అచ్చుతో గానీ, ఎన్, ఎస్‌లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తాలి. మిగతా హల్లులతో ముగిస్తే చివరిదాన్ని. ఈ లెక్క తప్పినచోట గీత పెడతారు. అందుకే 'అబ్లార్' (మాట్లాడటం)కు గీత అక్కర్లేదు. 'ద' అంటే ఇవ్వు, దానికీ గీత లేదు. దానికే 'మె' (నాకు), 'లొ' (దాన్ని) అతికిస్తే 'దామెలొ' అవుతుంది. ఒత్తు 'ద' దగ్గరే ఉండిపోతుంది, అది ఇప్పుడు చివరి నుంచి మూడోది కాబట్టి గీత తప్పనిసరి.

నాకు బాగా నచ్చే ఉదాహరణ 'కొంతినువో'. గీత లేకపోతే 'ఎడతెగని' అని అర్థం, కొన్-తి-నువో అని మూడు ముక్కలు. 'యు' మీద గీత పెడితే 'నేను కొనసాగిస్తాను', కొన్-తి-నూ-ఓ అని నాలుగు ముక్కలు. 'ఓ' మీద పెడితే మళ్లీ మూడే ముక్కలు, 'అతను కొనసాగించాడు'. మూడూ సరైన మాటలే కనుక స్పెల్‌చెక్ ఎర్రగీత వేయదు. మీరే చూసుకోవాలి.

ఇక టైపింగ్. ఫోన్‌లో 'ఓ' అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే గీత ఉన్నది పైకి వస్తుంది. రోజూ రాసేవారైతే కీబోర్డు సెట్టింగ్స్‌లో స్పానిష్ భాషను చేర్చుకోండి. విండోస్‌లో 'యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్' కీబోర్డు ఎంచుకుని, సింగిల్ కొటేషన్ మీట నొక్కి వెంటనే 'ఓ' నొక్కండి. ఆ కీబోర్డుతో మామూలు కొటేషన్ కావాలంటే మాత్రం దాని తర్వాత స్పేస్ నొక్కాలి. మ్యాక్‌లో ఆప్షన్‌తో పాటు 'ఇ' నొక్కి వదిలి, తర్వాత 'ఓ' నొక్కితే చాలు.